చెవిటివాళ్ళ ఖజానాలో తాతరూక

సీసగిరి కోట ముందు వరసలో నిలబడ్డ పద్దెనిమిది మంది చెవిటివాళ్ళలో నిజమైన చెవిటివాళ్ళు పదిహేడుగురే. పద్దెనిమిదోవాడు సిద్ధోజు. అతనికి చెవులు వినబడతాయి సరికదా, కంకణావతీ రాజ్యం మొత్తం గాలించినా అలాంటి చెవులు ఇంకొకరికి దొరకవు. ఇన్నాళ్ళూ ఆ చెవుల మీదే బతికినవాడు, ఇవాళ ఆ చెవుల వల్లే చచ్చేలా ఉన్నాడు. పొద్దు ఇంకా నడినెత్తికి రానేలేదు, అప్పుడే అతని నడుముకు చుట్టిన పంచె చెమటతో తడిసి ముద్దయింది.

ఆ కోటను చూస్తే ఎంతటివాడికైనా గుండె జారుతుంది. ఏడు ప్రాకారాలు, ఏడింటికీ సీసపు రేకుల తాపడం. బురుజు బురుజునా నోళ్ళు తెరిచిన మకర ముఖాలు, ఆ నోళ్ళలోంచి పగలూ రాత్రీ తెరిపి లేకుండా కక్కే కొలిమి పొగ. సింహద్వారం మీద రెక్కలు చాచిన గండభేరుండం, దాని కళ్ళకు బదులు గుమ్మడికాయలంత నల్లరాళ్ళు. దాపుల్లో పిట్ట వాలదు, పచ్చగడ్డి మొలవదు. ఇవన్నీ ఒక ఎత్తు, ద్వారబంధానికి తోరణంగా గుచ్చి కట్టిన ఎండు చెవులు ఒక ఎత్తు. చెవిటివాడినని అబద్ధం చెప్పి లోపలికి పోబోయి దొరికిపోయినవాళ్ళ చెవులవి. సిద్ధోజు వాటివైపు చూడకూడదనుకుంటూనే నాలుగుసార్లు చూశాడు. ప్రతిసారీ చెయ్యి తనకు తెలియకుండానే తన చెవి తడిమి వచ్చింది.

సిద్ధోజు రాజుగారి టంకసాలలో నాణేలకు వన్నె కట్టేవాడు. అంటే బిళ్ళలో వెండి ఎంత, కల్తీ ఎంత అన్నది తేల్చి చెప్పేవాడు. పడమటి సముద్రం దాటి ఓడల్లో వచ్చే వెండిరూకలే ఆ రాజ్యంలో చెలామణి. అరచేతి నిండా పట్టే బిళ్ళ. ఒకవైపు అలల మధ్య జోడు స్తంభాలు, రెండోవైపు కిరీటం పెట్టుకున్న తల. బొమ్మ మారలేదు, కొలత మారలేదు, కానీ మూడు తరాల్లో లోపలి సరుకు మాత్రం మారిపోయింది. సముద్రం అవతల తాతరాజు కొట్టించిన రూకలో పన్నెండు పాళ్ళకు పదకొండు పాళ్ళు వెండి. కొడుకు దాన్ని ఎనిమిదికి దించాడు. మనవడి రాజ్యానికి వచ్చేసరికి మిగిలింది ఒక్క పాలు, అదీ పైపూతకే. లోపలంతా సీసం. సంతలో తాతరూక ఇస్తే పాడిగేదెను తోలుకు రావచ్చు. తండ్రిరూకకు దూడ వస్తుంది. మనవడిరూక చూపిస్తే పలుపుతాడు కూడా ఇవ్వకుండా, వెళ్ళిరా నాయనా అంటారు.

అలాంటి రాజ్యంలోకి ధూమ్రకేశుడనే మాంత్రికుడు మంత్రి వేషం వేసుకుని దిగబడ్డాడు. పాతరూకకూ కొత్తరూకకూ విలువ ఒకటేననీ, పాతది ఇచ్చి కొత్తది పట్టుకెళ్ళాలనీ, పాతది దాచినవాడికి తల ఉండదనీ చాటింపు వేయించాడు. అతగాడి చేతబడి అంతా ఆ కొత్తరూకల్లో, అంటే మనవడిరూకల్లో ఉంది. ఒట్టిచేత్తో దాన్ని పిడికిట్లో మూస్తే చాలు, వేళ్ళ కొసలు సీసమైపోతాయి. ఆ సీసం పైపైకి, ఎన్ని రూకలు మూస్తే అంత వేగంగా పాకి, గుండెను తాకితే మనిషి బొమ్మవుతాడు. బొమ్మైనవాణ్ణి ధూమ్రకేశుడు మంత్రంతో లేపి తన సైన్యంలో నిలబెట్టుకుంటాడు. జనం ఆ సంగతి కనిపెట్టి, రూకను ఆకులో పట్టుకోవడం నేర్చుకునేలోపు సగం ఊళ్ళు బొమ్మలైపోయాయి.

దీనికి విరుగుడు ఒక్కటే. తాతరూకను సీసం పట్టిన అరచేతిలో పెట్టి అదిమి ఉంచితే, నూరు అంకెలు లెక్కపెట్టేలోగా సీసాన్నంతా అది తనలోకి లాగేసుకుంటుంది. ఆ తరవాత నల్లబడి పొడిపొడిగా రాలిపోతుంది. ఒక రూకకు ఒక ప్రాణం, అంతే. అచ్చమైన వెండి తగిలితే మాంత్రికుడికీ అతని పరివారానికీ ఒళ్ళు కాలుతుంది. అందుకే తాతరూకలు కలగలిసిన గోతాలన్నీ ఊడ్చి తెచ్చి, సీసగిరి కొలిమిలో సీసంతో కలిపి కరిగించేస్తున్నాడు. ఇవాళ్టితో ఆఖరి గోతాలు కూడా కరిగిపోతాయని సిద్ధోజు విన్నాడు.

అతని భార్య కొండమ ఎవరో బాటసారికి కాలి కడియం అమ్మి, వచ్చిన కొత్తరూకను ఆదమరిచి పిడికిట్లో మూసుకుని ఇంటికొచ్చింది. ఈ తెల్లవారుజాముకు సీసం ఆమె భుజం దాటింది.

"పొద్దు గుంకేసరికి గుండెకొస్తుందిలే. నువ్వు పోవద్దయ్యా. ఇద్దరం పోవడం దేనికి?" అంది కొండమ, సీసపు చెయ్యి బరువుకు ఒక పక్కకు ఒరిగిపోతూ.

"పోకపోతే మాత్రం నేను మిగులుతాననుకున్నావా?" అని సిద్ధోజు గడప దాటాడు. అప్పుడైతే ఆ మాట గట్టిగానే వచ్చింది. ఇప్పుడు ఈ చెవుల తోరణం కింద అతని నోట్లో తడి ఆరిపోయింది.

కోటలో కూలికి చెవిటివాళ్ళనే పెట్టుకోవడానికి కారణం ఉంది. రూకలన్నీ పైకి ఒకేలా మెరుస్తాయి కనక చూపుకు దొరకవు. కానీ రాతి మీద పడితే మనవడిరూక తడి మట్టిముద్దలా దబ్బుమంటుంది. తాతరూక మాత్రం పాడుతుంది. ఆ పాట వినగల చెవి ఒక్కటి లోపలికొచ్చినా దొంగతనం తప్పదని ధూమ్రకేశుడి భయం.

వరస కదిలింది. కాపలాకు ఘర్ఘరి అనే రాక్షసి. ఏనుగు పిల్లంత మనిషి, నుదుటి మీద ఒకే కన్ను, గొంతు తిరగలి తిప్పినట్టుంటుంది. ఒక్కొక్కణ్ణే గోడకేసి నిలబెట్టి వెనక నుంచి పరీక్ష పెడుతోంది. సిద్ధోజు వంతు వచ్చింది. ముఖం గోడకు తిప్పుకున్నాడు. రాతి బీటలో ఒక చీమ పాకుతోంది. దానిమీదే చూపు నిలిపాడు.

వెనక నగారా ఒక్కసారిగా పగిలిపోయేలా మోగింది. చీమ పాకుతోంది. మెడ వెనక ఘర్ఘరి పెంపుడు పులి గాండ్రించింది, దాని ఊపిరి వేడిగా వీపుకు తగిలింది. సిద్ధోజు నాలుక కొరుక్కున్నాడు, నోట్లో ఉప్పగా నెత్తురు. చీమ పాకుతోంది. అప్పుడు ఘర్ఘరి వంగి అతని చెవిలో మెల్లగా, ప్రేమగా అంది.

"నీ పెళ్ళాం ఇందాకే చచ్చిందిరా, అబ్బాయ్."

సిద్ధోజు పై ప్రాణాలు పైనే పోయాయి. అది అందరితోనూ అనే మాటేనని అతనికి తెలుసు. తన ముందున్న పదిహేడుగురి చెవుల్లోనూ ఆ మాటే ఊదింది, తాను విన్నాడు కూడా. తెలిసి ఏం లాభం? గోడను కడుపుతో ఆనుకుని నిలదొక్కుకున్నాడు. కళ్ళు మసకబారి చీమ కనిపించలేదు.

"ఊఁ, రాతిమొద్దు. పో లోపలికి!" అని ఘర్ఘరి వీపు మీద ఒక్కటి చరిచి, తోలు తొడుగుల జత విసిరింది.

లోపల ఖజానా ఒక వింత నరకం. నూటొక్క మెట్లు కిందికి దిగితే తాటిచెట్టు ఎత్తున కప్పు, కప్పు నడిమిన చక్రమంత కన్నం, అందులోంచి నిటారుగా పడే ఎండ. ఆ ఎండలో రూకల గుట్టలు. కొండంత గుట్ట పక్కన కొండంత గుట్ట, తెల్లగా ధగధగా కళ్ళు చెదిరేలా మెరుస్తున్నాయి. గుట్టల చివర ఏనుగు పడుకోగలిగినంత కొలిమి, దానిలో కుతకుతలాడే లోహం. కొలిమి పక్క నుంచి, మూసలు చల్లార్చడానికి, చన్నీళ్ళ కాలువ గలగలా పారి గోడ కింద కన్నంలోంచి పింగళ నదిలోకి పోతోంది. కన్నానికి చెక్క పలక అడ్డం. గోడల వెంబడి వరసగా సీసపు మనుషులు నిలబడి ఉన్నారు. ఒకామె చంకలో సీసపు బిడ్డ. సిద్ధోజు చూపు తిప్పుకున్నాడు.

జోడీ కూలీగా అతనికి ముత్తన అనే ముసలాయన దొరికాడు. పుట్టు చెవుడు. గంప ఎత్తుకోవడం ఎలాగో చేతులతో చూపించాడు, తొడుగు విప్పవద్దని వేలు ఊపి హెచ్చరించాడు. తరవాత ఆ సీసపు బొమ్మల్లో రెండింటిని చూపించి, రెండు వేళ్ళు పైకెత్తి, తన గుండె మీద పెట్టుకున్నాడు. ఇద్దరు కొడుకులు. సిద్ధోజు గంప ఎత్తుకున్నాడు.

గంప తరవాత గంప. గుట్ట దగ్గర నుంచి కొలిమికి, కొలిమి నుంచి గుట్టకు. పైనుంచి పడే ఎండ మెల్లగా గోడ ఎక్కుతోంది. రూకలు పోసేటప్పుడల్లా సిద్ధోజు చెవులు రిక్కించి విన్నాడు. దబ్బు, దబ్బు, దబ్బు. ఎక్కడైనా ఒక సన్నని మోత వినపడేలోపే కొలిమి దాన్ని మింగేస్తోంది. ఎండ గోడ సగానికి ఎక్కింది. గుట్టలు తరిగిపోయాయి. ఇంక మెట్ల మీద పేర్చిన నాలుగు గోతాలే మిగిలాయి. ఒట్టి చేతులతో ఇంటికి పోవలసి వస్తుందేమోనన్న భయం, దొరికిపోతానన్న భయం కంటే పెద్దదైపోయింది. అక్కడే అతని జాగ్రత్త జారింది.

మెట్ల మీద ముత్తన కాలు మడతపడింది. గోతం చిరిగి రూకలు జలజలా కిందికి దొర్లాయి. ఆ మొద్దు మోతల మధ్య ఒక్కటి, ఒకే ఒక్కటి, రాతి అంచుకు తగిలి ఖంగుమని లేచింది. సన్నగా, తీగలా, ఆగకుండా సాగింది. పన్నెండింట పదకొండు పాళ్ళు! ఇరవై ఏళ్ళుగా ఆ మోత ఎక్కడ వినపడితే అక్కడికి తిరగడం అలవాటైన మెడ అది. నగారాకు తిరగలేదు, పులికి తిరగలేదు, పెళ్ళాం చచ్చిందన్నా తిరగలేదు. ఇప్పుడు మాత్రం సిద్ధోజు అడ్డుకునేలోపే గిరుక్కున తిరిగిపోయింది.

తిరిగి చూసేసరికి పై మెట్టు మీద ఘర్ఘరి ఒంటికన్ను సూటిగా అతని మీదే ఉంది.

"ఓరి నీ దుంపతెగ! వన్నెగాడివా!"

ఆ తరవాత ఏం చేశాడో సిద్ధోజుకే సరిగా తెలియదు. కుడిచేతిలో గంప ఉంది. ఎడంచేతి తొడుగు పళ్ళతో లాగి పారేసి, మోత వినపడిన మెట్టు మీదికి దూకి, అక్కడ ఆగిన రూకలన్నీ ఒక్క ఊడుపున పిడికిట్లోకి తీసుకున్నాడు. చల్లగా ఏదో వేళ్ళలోకి దిగింది. అప్పుడు గుర్తొచ్చింది, చెయ్యి ఒట్టిదని. కెవ్వున కేకేసి రూకలను పంచె చెంగులోకి విదిలించాడు. అప్పటికే వేళ్ళు బూడిద రంగుకు తిరిగిపోయాయి. చిటికెనవేలు వంచబోతే వంగలేదు.

ఘర్ఘరి చేతులు చాచి మీదికొచ్చింది గానీ, అచ్చవెండి అతని చెంగులో ఉండటంతో పట్టుకోవడానికి జంకి, మొలలోని ఇనపవల తీసి విసిరింది. సిద్ధోజు గంప దాని మొహాన కొట్టి కాలికి బుద్ధి చెప్పాడు. వల రాతికి తగిలి నిప్పులు రాలాయి. అతను కొలిమి వైపు పరుగెత్తాడు. వేరే దారి లేదు.

అంతలో కొలిమి పొగ గిరగిరా సుడి తిరిగింది. ఆ సుడిలోంచి ధూమ్రకేశుడు దిగాడు. మోకాళ్ళ దాకా వేలాడే బూడిదరంగు జడలు, పాము కుబుసంతో కుట్టిన అంగీ, కళ్ళుండవలసిన చోట రెండు నిప్పుకణికలు. అతని గొంతు మాత్రం చుట్టంలా ఎంతో నెమ్మదిగా ఉంది.

"కంగారెందుకు నాయనా? చెంగులో ఏడు రూకలున్నాయి కదూ. అందులో నీక్కావలసింది ఒకటి. విని తీసుకో. నేనేం వద్దన్నానా?"

అంటూ చిటిక వేశాడు. అంతే, ఖజానాలోని రూకలన్నీ ఒక్కసారిగా పాడటం మొదలుపెట్టాయి! గుట్టలు పాడాయి, గోతాలు పాడాయి, చెంగులోని ఏడూ ఖంగుఖంగున ఒకే శ్రుతిలో పాడాయి. సిద్ధోజు బుర్ర గిర్రున తిరిగింది. ఏ చెవిని నమ్ముకుని వచ్చాడో ఆ చెవి చచ్చిపోయింది. ఎడంచేతిలో సీసం మణికట్టు దాటింది. భయంతో ఏడుపు వచ్చేసింది. సిగ్గు లేకుండా వెక్కివెక్కి ఏడుస్తూనే కొలిమి అంచున చతికిలబడ్డాడు.

ఆ సెగ మొహానికి కొట్టేసరికి అతని వృత్తి అతనికి గుర్తొచ్చింది. సీసం బద్ధకపు లోహం, వేడిని తాపీగా మోస్తుంది. వెండి అలా కాదు. ఈ అంచుకు నిప్పు తగిలితే చాలు, ఆ అంచున వేలు చుర్రుమంటుంది. కుడిచేతి తొడుగు లాగేసి, రూకను పిడికిట్లో మూయకుండా రెండు వేళ్ళ కొసలతో పట్టుకుని, అంచును నిప్పుల్లో గుచ్చాడు. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టాడు. చుర్రుమనలేదు. పారేశాడు. రెండోది, అదీ అంతే. మూడోది, నాలుగోది. వెనక ఘర్ఘరి అడుగులకు నేల అదురుతోంది. ఐదోది గుచ్చాడో లేదో బొటనవేలు కమిలి పొగ లేచింది.

అంత నొప్పిలోనూ సిద్ధోజు నవ్వాడు. ఆ కాలే రూకను కాలువ నీళ్ళలో ఒక్క ముంపు ముంచి నోట్లో వేసుకుని దవడన దాచుకున్నాడు. కాలువలోకి దూకబోయాడు.

"నిలు!" అన్నాడు ధూమ్రకేశుడు.

అది మాట కాదు, మంత్రం. విన్నవాడి కాళ్ళు కట్టుబడిపోవలసిందే. సిద్ధోజు కాళ్ళు రెండూ రాతిలో పాతుకుపోయినట్టు ఆగిపోయాయి. నీళ్ళు జానెడు దూరంలో ఉన్నాయి. ఇనపవల గాలిలో విచ్చుకోవడం పక్కచూపుకు కనిపిస్తోంది.

మంత్రం ముత్తనకు వినపడలేదు. ఆయన పుట్టు చెవుడు ఆయన్ను కాపాడింది. కుంటుకుంటూ వచ్చి, కన్నానికి అడ్డమున్న చెక్క పలకను రెండు చేతులా పైకి లాగి, భుజంతో సిద్ధోజును ఒక్క తోపు తోశాడు. నీళ్ళలోకి పడుతూ సిద్ధోజు చూసిన ఆఖరి దృశ్యం ముత్తన మీద పడుతున్న వల. ముసలాయన పలకను మాత్రం వదలలేదు.

చీకటి. చలి. నీళ్ళు తగిలేసరికి కాళ్ళ మీది మంత్రం విడిపోయింది, గోడ రాళ్ళు వీపు చీరేశాయి. తరవాత ఒక్కసారిగా వెలుగు. పింగళ నది అతన్ని తన నడిమధ్యకు ఉమ్మేసింది.

తల పైకి పెట్టి చూస్తే పొద్దు పడమటి కొండకు చెయ్యెత్తు దూరంలో ఉంది. ఊరికి ఇంకా రెండు మలుపులు. ప్రవాహం అటే పోతోంది, ఈదితే అందుకోవచ్చు. కానీ ఎడంచెయ్యి రోకలిబండలా కిందికి లాగుతోంది. సీసం మోచేతికి వచ్చింది. నాలుగు బారలు ఈదేసరికి మునిగాడు. కాళ్ళు కొట్టి తేలాడు. మళ్ళీ మునిగాడు. ముక్కులోకి నీళ్ళు పోయాయి. నోరు తెరిస్తే రూక పోతుంది.

నూరు అంకెలు. ఆ రూకను ఎడమ అరచేతిలో నూరు అంకెలసేపు అదిమి పెడితే చెయ్యి తేలికపడుతుంది. హాయిగా ఒడ్డు చేరతాడు. ప్రాణం ఎంత తీపో సిద్ధోజుకు అప్పుడు తెలిసింది. అతనికి చచ్చేంత భయం వేసింది. ఇంతకు ముందు పడ్డ భయాలన్నీ దీని ముందు పిల్లకాయలు. కుడిచెయ్యి దానంతటదే నోటిదాకా వెళ్ళింది, వేళ్ళు పెదవుల మధ్యకు దూరాయి, రూక అంచు కమిలిన బొటనవేలికి తగిలింది.

ఆ వేలితోనే రూకను మళ్ళీ దవడలోకి, ఇంకా లోపలికి తోసేశాడు. పెదవులు బిగించి, వణుకుతూనే, ఒంటిచేత్తో నీళ్ళను వెనక్కి తోశాడు. ఒక బార. ఇంకొక బార. సీసం మోచెయ్యి దాటి దండచేతిలోకి పాకింది.

వెనక కోటగోడ మీద నుంచి ఘర్ఘరి ఏట్లోకి దూకింది. ఆ అల వచ్చి సిద్ధోజు తల మీదుగా విరిగింది. తేలేసరికి రూక దవడలోనే ఉంది, అతను ఊరి వైపు ఇంకొక బార వేశాడు.